పండుగనాడు మూసిన అంగడి: అల్లాహ్ హక్కు, దాసుల హక్కు

2024లో ఉగాది ఏప్రిల్ 9న వస్తే, రమజాన్ పండుగ ఏప్రిల్ 11న వచ్చింది. 2025లో ఆ ఎడం కూడా లేదు. మార్చి 30న ఉగాది, మార్చి 31న ఈదుల్ ఫిత్ర్. నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్లలో ముస్లిముల అంగళ్లు, హిందూ సోదరుల అంగళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఇలాంటి వారంలో ఒక షట్టరు లేచేసరికి పక్క షట్టరు దిగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ముందుకు రెండు రకాల ఫిర్యాదులు వస్తుంటాయి. వ్యాపారం చేసుకునే సోదరుడేమో, "పండుగకు మూస్తే గిరాకీలు నానా మాటలు అంటున్నారు మౌలానా, కొందరు పక్క అంగడికి అలవాటుపడి మళ్లీ మా గడప తొక్కడం లేదు" అంటాడు. కొనడానికి వచ్చిన మనిషిది ఇంకో బాధ: "మోటారు బాగు చేస్తానని డబ్బు తీసుకున్నాడు, మూడు రోజులుగా తాళం. అడిగితే పండుగ అంటాడు. ఆయనకు పండుగే గానీ, నా పైరు ఎండిపోదా?"

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఇది అంత తేలిగ్గా తేల్చే విషయం కాదు. ఇస్లాం ధర్మం మన మీద రెండు రకాల బాధ్యతలు పెట్టింది. ఒకటి అల్లాహ్ హక్కు, రెండోది ఆయన దాసుల హక్కు. మొదటి దాంట్లో లోపం జరిగితే, దాసుడు పశ్చాత్తాపంతో మరలినప్పుడు అల్లాహ్ తాను కోరితే మన్నిస్తాడు. రెండో దాంట్లో లోపం జరిగితే హక్కు కోల్పోయిన మనిషి మన్నించాలి, లేదా ప్రళయదినాన మన పుణ్యాలు అతనికి పోవాలి. మరి మూసిన షట్టరు ఈ రెంటిలో దేన్ని నెరవేరుస్తోంది, దేన్ని భంగపరుస్తోంది? ఈ సంగతి ప్రతి వ్యాపారీ, ఆయన ఇంటివారూ కూర్చొని ఆలోచించాలి.

షరీఅత్ ఏమి ఆజ్ఞాపించింది?

ముందుగా ఒక అపోహ తొలగిపోవాలి. ఇస్లాంలో శుక్రవారం యూదుల శనివారం లాంటిది కాదు. ఆ రోజంతా పని మానుకోవాలన్న ఆజ్ఞ ఎక్కడా లేదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని సూరా జుముఅ 9, 10 ఆయతులను శ్రద్ధగా చదవండి. జుమా నమాజు కొరకు పిలుపు వినబడినప్పుడు క్రయవిక్రయాలు వదిలి అల్లాహ్ స్మరణ వైపు సాగిపొమ్మని అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. ఆ వెంటనే, నమాజు ముగిశాక భూమిలో వ్యాపించి ఆయన అనుగ్రహాన్ని, అంటే ఉపాధిని అన్వేషించమని సెలవిచ్చాడు. మూయమన్నదీ ఆయనే, తెరుచుకోమన్నదీ ఆయనే. మన మస్జిదులలో మొదటి అజాన్ నుంచి సలాం వరకు ఎంతసేపు పడుతుంది? చాలాచోట్ల గంట.

ఈ గంట విషయంలో ధర్మవేత్తలు ఎంతో ఖచ్చితంగా ఉన్నారు. హనఫీ విద్వాంసుల దృష్టిలో జుమా మొదటి అజాన్ తర్వాత, జుమా విధి అయినవారు బేరంలో మునిగి ఉండటం మక్రూహె తహ్రీమీ, అంటే నిషేధానికి దాదాపు సమానమైనది. బేరం చెల్లుతుంది గానీ పాపం ఉంటుంది. మాలికీ, హంబలీ విద్వాంసులైతే ఆ బేరమే చెల్లదన్నారు. కౌంటరు దగ్గర స్త్రీనో, ముస్లిమేతరుడైన పనివాడినో కూర్చోబెట్టి వెళ్లవచ్చా అని చాలామంది అడుగుతారు. ఆయత్ ప్రత్యేకించి పిలిచింది జుమా విధి అయినవారిని. కాబట్టి యజమాని నమాజుకు వెళ్లి తీరాలి. జుమా విధి కాని మనిషి అంగడిలో ఉండి సరుకు ఇస్తే దాన్ని అనుమతించిన విద్వాంసులు ఉన్నారు. అయితే ఆ వేళలో కొనడానికి వచ్చేది కూడా జుమా ఎగవేసిన ముస్లిమే అయితే, ఆ పాపానికి మన అంగడి వేదిక అవుతుంది. ముస్లిం వాడలో ఉన్నవారు ఆ గంట మూసేయడమే మేలని మా అభిప్రాయం.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) గురించి ఒక ఉల్లేఖనం ఉంది. ఆయన బజారులో ఉండగా నమాజు వేళయింది. అంగళ్లవారు అంగళ్లు మూసి మస్జిదులోకి వెళ్లారు. అది చూసి ఆయన, సూరా నూర్‌లోని 37వ ఆయత్ ఇలాంటివారి గురించే అవతరించిందని అన్నారు. వ్యాపారంగానీ, క్రయవిక్రయాలుగానీ అల్లాహ్ స్మరణ నుంచి ఏమరుపాటుకు గురిచేయలేని మనుషులను ఆ ఆయత్ ప్రశంసించింది. గమనించండి, ప్రశంస దొరికింది వ్యాపారం మానుకున్నవారికి కాదు. వ్యాపారం చేస్తూనే పిలుపు వినబడగానే లేచినవారికి.

డప్పు మోగింది, పన్నెండు మంది మిగిలారు

అదే సూరా జుముఅ చివరి ఆయత్ వెనుక ఉన్న సంఘటన మన చర్చకు మరీ దగ్గరిది. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. మదీనాలో జుమా జరుగుతుండగా సిరియా నుంచి ఆహారధాన్యాలతో వర్తక బిడారు వచ్చింది. జనం అటు పరుగెత్తారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) దగ్గర పన్నెండు మంది మాత్రమే మిగిలారు. అప్పట్లో మదీనాలో ఆకలి, ధరల మంట ఉన్నాయని, బిడారు రాకను తెలియజేస్తూ డప్పు మోగేదని వ్యాఖ్యాతలు రాశారు. అంటే లేచి వెళ్లినవారు విలాసం కోసం వెళ్లలేదు. పిండి కోసం, గింజల కోసం వెళ్లారు. అయినా అల్లాహ్ తప్పు చూపించాడు. తన వద్ద ఉన్నది వినోదం కంటే, వర్తకం కంటే మేలైనదని, ఉపాధినిచ్చేవారిలో తానే అత్యుత్తముడినని తెలియజేశాడు.

ఈ సంఘటనను మన ఉపన్యాసాల్లో ఎన్నోసార్లు చెప్పుకుంటాం. ఒక విషయం మాత్రం చెప్పుకోం. ఆ ఆయత్‌లో మందలింపు పడింది ఎవరి మీద? సరుకు తెచ్చిన బిడారు మీద కాదు, డప్పు కొట్టినవారి మీద కాదు, ప్రవక్త (స) నిలబడి ఉండగా వదిలి వెళ్లినవారి మీద. జుమా వేళ మన అంగడి ముందుకొచ్చి తలుపు తట్టే హిందూ సోదరుడు ఏ నేరమూ చేయలేదు. అతనికి మన ఖుత్బా వేళ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. అతని మీద విసుక్కునే వ్యాపారి, తన పరీక్షను అతని నెత్తిన పెడుతున్నాడు. డప్పు మోగుతూనే ఉంటుంది. లేవకుండా కూర్చోవలసింది మనం.

పండుగ మూడు రోజులా?

ఇక పండుగల సంగతి. ఇక్కడ కొందరు సోదరులకు మా మాట రుచించకపోవచ్చు. ఈద్ నాడు స్నానం చేసి, మంచి బట్టలు కట్టి, ఈదుల్ ఫిత్ర్ అయితే నమాజుకు ముందే ఫిత్రా దానం చెల్లించి, ఈద్‌గాహ్‌కు వెళ్లి నమాజు చేయాలి. ఆ రోజు ఉపవాసం నిషిద్ధం. ఆ రోజు తిని, తాగి, బంధువులను కలిసి సంతోషించడం ప్రవక్త (స) నేర్పిన పద్ధతి. మదీనావాసులు అంతకుముందు ఆటపాటలతో గడిపే రెండు రోజులకు బదులుగా అల్లాహ్ అంతకంటే మేలైన రెండు పండుగలు ప్రసాదించాడని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఇదంతా సరే. కానీ నమాజు తర్వాత అంగడి తెరవడం హరామ్ అని ఏ ఇమామ్ చెప్పాడు? ఎవరూ చెప్పలేదు. ఈద్ రోజు, దాని మర్నాడు మన ఇళ్లలో జరుపుకునే బాసీ ఈద్, ఆ మూడో రోజు, ఇవన్నీ సంప్రదాయంగా వచ్చిన సెలవులు. హజ్ రోజుల్లో వ్యాపారం చేయడం పాపమేమోనని సహచరులు సంకోచిస్తే, సూరా బఖరాలోని 198వ ఆయత్ ద్వారా అల్లాహ్ ఆ సంకోచాన్నే తొలగించాడు. ఉకాజ్, మజన్నా, జుల్‌మజాజ్ సంతల ప్రస్తావనతో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది. హజ్ రోజుల్లోనే అనుమతి ఉంటే, ఈద్ మధ్యాహ్నం పంక్చరు వేస్తే పాపం ఎలా అవుతుంది?

అలాగని మూడు రోజులు మూయవద్దని మేము అనడం లేదు. ఏడాదంతా పగలూ రాత్రీ ఇంజను నూనెలో చేతులు పెట్టే మనిషికి పిల్లలతో మూడు రోజులు గడపడం తప్పేమీ కాదు. అది అతని హక్కు. పనివాళ్ల హక్కు కూడా. మేము అడిగేది ఒక్కటే. గిరాకీతో మాట్లాడేటప్పుడు నిజం చెప్పండి. "మూడు రోజులు మా మతం ఒప్పుకోదు" అనకండి. "ఈద్ నమాజు, తర్వాత రెండు రోజులు ఇంట్లో ఉంటున్నాం" అనండి. మొదటి మాట వింటే అతనికి మన ధర్మం మీద కోపం వస్తుంది. రెండో మాట వింటే మన మీద మహా అయితే కొంచెం విసుగు వస్తుంది. ధర్మం చెప్పని మాటను ధర్మానికి అంటగట్టి, దాని వల్ల వచ్చే నిందను ధర్మం మోసేలా చేయడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

కోపం ఎక్కడ పుడుతుంది?

నంద్యాల 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం. ఆళ్లగడ్డ అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు, కర్నూలు - కడప రోడ్డు మీదే. రుద్రవరం, శిరివెళ్ల, చాగలమర్రి, ఉయ్యాలవాడ, దొర్నిపాడు మండలాల రైతులకు మోటారు వైండింగు చేయించాలన్నా, స్ప్రేయరు బాగు చేయించాలన్నా, ట్రాక్టరు టైరు మార్చాలన్నా ఈ ఊళ్లే దిక్కు. ఈ పనుల్లో మన సోదరులు చాలామంది ఉన్నారు. దర్జీలు, వెల్డింగు, పరుపులు కుట్టేవారు, పండ్ల బండ్లు, మాంసం అంగళ్లు, బేకరీలు కూడా అంతే. కాలువ నీళ్ల వంతు వచ్చిన రోజుల్లో, పైరు ఈనిక మీద ఉన్న రోజుల్లో రైతుకు ఒక రోజంటే ఒక రోజు కాదు. అతను ఆటోలో మోటారు వేసుకొని 20 కిలోమీటర్లు వచ్చి తాళం చూస్తాడు.

అతనికి కోపం వచ్చింది. ఎందుకు వచ్చింది? మేము గమనించినంతలో చాలా సందర్భాల్లో ఆ కోపం పండుగ మీద కాదు. అతనికి మన పండుగ కొత్త కాదు. తరతరాలుగా చూస్తున్నాడు. మన ఇంటి షీర్ ఖుర్మా తాగినవాడే. అతని కోపమంతా "రేపు ఇస్తా రా" అన్న మాట మీద. "ఎల్లుండి పెళ్లి, జాకెట్లు రేపటికి ఇవ్వు భాయ్" అని బతిమాలి బయానా ఇచ్చి వెళ్లిన తల్లి, మర్నాడు మూసిన తలుపు ముందు నిలబడితే ఆమె నోట మంచి మాట ఎలా వస్తుంది? కపటుల మూడు చిహ్నాలలో మాట ఇచ్చి తప్పడం ఒకటని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆ హదీసులో ఈద్ రోజుకు మినహాయింపు లేదు. బయానా తీసుకున్న క్షణం నుంచి ఆ గుడ్డ మన దగ్గర అమానతు. నమాజుకు పోవడం అల్లాహ్ హక్కు, నిజమే. జాకెట్లు ముందురోజే ఇంటికి పంపడం ఆ తల్లి హక్కు. మొదటిది రెండో దాన్ని కొట్టివేయదు.

"నెలవంక మా చేతుల్లో లేదు కదా" అని దర్జీ అంటాడు. ఇది నిజమైన ఇబ్బందే. 2024లో ఏప్రిల్ 9 సాయంత్రం, అంటే 29వ ఉపవాసం నాడు మన దేశంలో నెలవంక కనిపించలేదు. 30 ఉపవాసాలు పూర్తిచేసి 11న పండుగ చేసుకున్నాం. 2025లో 29వ ఉపవాసం నాడే కనిపించింది, మర్నాడే పండుగ. మగ్రిబ్ తర్వాత గానీ పండుగ ఎప్పుడో తేలదు. ఈ సంగతి మనకు పుట్టినప్పటి నుంచి తెలుసు. పక్క గ్రామం నుంచి వచ్చే మనిషికి ఎలా తెలుస్తుంది? ఎప్పుడు మూస్తామో రెండు తేదీలూ రాసి పది రోజుల ముందే గోడకు అంటించడానికి అట్టముక్క చాలు. పని ఒప్పుకునేటప్పుడే "నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది, అర్జెంటయితే ఇంకొకరికి ఇవ్వండి" అని చెప్పడానికి నోరు చాలు. ఆ మాట చెబితే పని చేజారుతుందన్న భయంతోనే చెప్పం. అసలు రోగం అక్కడుంది.

పైగా నెలవంక సాకు బక్రీద్‌కు వర్తించదు. జుల్‌హిజ్జ నెలవంక కనిపించిన పదో రోజు బక్రీద్. తొమ్మిది, పది రోజుల ముందే తేదీ ఖాయం. 2025లో జూన్ 7, శనివారం వచ్చింది. మర్నాడు ఆదివారం. ఆదివారం మాంసం కొనడం అలవాటున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని! ఖుర్బానీ పనిలో కసాయి సోదరులకు ఊపిరి సలపదు, నిజమే. వాడుకగా వచ్చే ఇళ్లకు ముందు ఆదివారమే ఒక మాట చెప్పడం ఏమంత కష్టం? అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, రావలసిన బాకీ అడిగేటప్పుడు మెత్తగా వ్యవహరించే మనిషిని అల్లాహ్ కరుణించుగాక అని ప్రవక్త (స) దుఆ చేశారు. ఆ దుఆలో చోటు దక్కించుకునే అవకాశం ఇలాంటి చిన్న మాటల్లోనే ఉంది.

అవసరం వేరు, బేరం వేరు. ఇమామ్ గజాలీ (రహ్మ) తన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో వైద్యం, వ్యవసాయం, నేత వంటి వృత్తులను ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. అంటే ఊళ్లో ఎవరూ చేయకపోతే అందరూ పాపాత్ములవుతారు. దీన్ని బట్టి చూస్తే ఊళ్లోని మందుల అంగళ్లన్నీ ఒకేసారి మూతపడటం సరికాదు. ఒకరు ఈద్‌గాహ్ నుంచి వచ్చాక తెరిస్తే ఇంకొకరు మర్నాడు తెరవవచ్చు. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లే యాత్రికుల బండికి మన పండుగ రోజు టైరు పేలిందనుకోండి. వారు వెళ్తున్నది ఎక్కడికి అన్నది మన విషయం కాదు. దారిలో చిక్కుకున్న బాటసారి ఎవరైనా బాటసారే. పిల్లలతో ఎండలో నిలబడ్డ మనిషికి ఈద్ మధ్యాహ్నం పంక్చరు వేసిచ్చే మెకానిక్‌కు పండుగ పుణ్యం తగ్గదు, ఇన్‌షా అల్లాహ్ పెరుగుతుంది.

ఎగతాళి చేసేవారు, వదిలి వెళ్లేవారు

ఇంతా చేసినా కొందరు అంటారు. "ఏం సాయిబూ, మీకు నెలకో పండగా?" అని నవ్వేవారు ఉన్నారు. అందులో పాత పరిచయపు హాస్యం ఎంతో, విషం ఎంతో విన్నవారికే తెలుస్తుంది. హాస్యమైతే హాస్యంగానే తీసుకోవాలి. ఈమధ్య విషం పాలు కొంత పెరిగిందని మా అనుమానం. దానికి కూడా దివ్య ఖుర్‌ఆన్ పద్ధతి నేర్పింది. అజ్ఞానంతో మాట్లాడేవారికి సలాం చెప్పి తప్పుకోవడం కరుణామయుని దాసుల లక్షణమని సూరా ఫుర్ఖాన్ 63వ ఆయత్ తెలుపుతోంది. ఎదురు మాట అన్నవాడు ఆ ఒక్క గిరాకీనే కాదు, పక్కనున్న నలుగురినీ పోగొట్టుకుంటాడు.

వదిలి వెళ్లేవారి సంగతి మాత్రం నిజంగా బాధాకరం. "ఉపాధి అల్లాహ్ ఇస్తాడు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం చెప్పేవారికి సులువు. అద్దె కట్టేవాడికి సులువు కాదు. ఈ నష్టం ఒక్క మనదే కాదని తెలుసుకోవాలి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బ్రాన్‌ఫెల్డ్ అనే యూదు వ్యాపారి, మరికొందరు తమ ధర్మం ప్రకారం శనివారం అంగళ్లు మూసేవారు. చట్టమేమో ఆదివారం మూయమంది. వారానికి రెండు రోజులు మూస్తే బతకలేమని కోర్టుకెక్కారు. 1961లో అక్కడి సుప్రీంకోర్టు వారి మొర ఆలకించలేదు. చట్టం వారి ఆరాధనను నిషేధించలేదని, దాన్ని ఖర్చుతో కూడినదిగా చేసిందంతేనని తేల్చింది. ఖర్చుతో కూడినది! ఆ మాట దగ్గర మేము చాలాసేపు ఆగాం. మన దేశంలో వ్యాపారికి అంత చిక్కు లేదు. శుక్రవారం గంటసేపు మూసుకున్నా, ఈద్‌కు మూసుకున్నా ఏ చట్టమూ అడ్డురాదు. మనం భరించేది గిరాకీ నష్టం మాత్రమే. ఆ నష్టం ఉండదని సూరా జుముఅ చెప్పలేదు. అల్లాహ్ వద్ద ఉన్నది దానికంటే మేలైనదని చెప్పింది. పన్నెండు మంది ఆ రోజు ధాన్యం కొనలేకపోయి ఉండవచ్చు. వారు కూర్చున్నారు.

కొలత రెండు వైపులా

ఇప్పటిదాకా మనం అంగడి లోపల నిలబడి మాట్లాడాం. ఒకసారి బయటికి వచ్చి నిలబడదాం. సంక్రాంతికి కిరాణా అంగడి మూశారు. పిల్లవాడికి పాలపొడి కావాలి. మన నోట వచ్చే మాట ఏమిటి? "మూడు రోజులు పండగేంటి వీళ్లకు?" ఇదే మాట మన పండుగకు వాళ్లంటే మనకు గుండెలో గుచ్చుకుంటుంది. సూరా ముతఫ్ఫిఫీన్ ప్రారంభంలో, తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇతరులకు కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం ఉందని అల్లాహ్ హెచ్చరించాడు. ఆ కొలత పాత్రలో బియ్యం మాత్రమే పోస్తామా? ఓర్పును కూడా పోస్తాం. మన పండుగకు ఎదుటివారి నుంచి ఎంత ఓర్పు ఆశిస్తామో అంతే ఓర్పు వారి పండుగకు పోయాలి.

పనివాళ్ల విషయంలో ఈ కొలత మరింత సూటిగా తగులుతుంది. మన అంగళ్లలో పనిచేసే హిందూ కుర్రవాడు ఉగాదికి సెలవడిగితే "రేపు మన పండుగ, ఈ ఒక్కరోజు గిరాకీ ఎక్కువ" అని ఆపేస్తాం. 2025లో ఇలా ఎన్ని అంగళ్లలో జరిగి ఉంటుందో అల్లాహ్‌కే తెలుసు. సెలవిస్తే వారి ఆరాధనలో పాలుపంచుకున్నట్టా అని కొందరు భయపడతారు. కాదు. విశ్వాసంలో మన దారి స్పష్టం. అతని సెలవు మాత్రం అతని హక్కు. పనివారికి వారాంతపు సెలవు ఇవ్వాలని 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాల చట్టం, పండుగ సెలవులు ఇవ్వాలని అంతకుముందు 1974లో వచ్చిన చట్టం చెబుతున్నాయి. చట్టం చెప్పకపోయినా, చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) అనుయాయులకు వేరే చెప్పాలా? ఇక తాను మూడు రోజులు మూసి, దినకూలీ కుర్రాళ్లకు ఆ మూడు రోజుల కూలి కోసే యజమాని ఉన్నాడు. అతని పండుగ ఖర్చు ఆ కుర్రాళ్లు భరిస్తున్నారన్నమాట.

ఎదుటివారికి దారివ్వడం మన సమాజానికి చేతకానిది కాదు. 2023 సెప్టెంబరు 28న హైదరాబాదులో మీలాద్, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు వచ్చాయి. మీలాద్ ఊరేగింపు నిర్వాహకులు తామే దాన్ని అక్టోబరు 1కి మార్చుకున్నారు. ఆ ఊరేగింపు విషయంలో విద్వాంసుల మధ్య ఉన్న అభిప్రాయభేదం అలా ఉంచండి. తప్పుకొని దారివ్వడం మాత్రం అందరూ మెచ్చుకున్నారు.

ఇంకొకరిచేత మూయించాలని చూడటం అసలే తగదు. రమజాన్ పగళ్లలో మన వాడల్లోని హోటళ్లకు పరదా కడతారు. ముస్లిం యజమాని పగలు మూసుకుంటే మరీ మంచిది. ఉపవాసం విధి అయినవాడికి తిండి పెట్టిన పాపం తప్పుతుంది. పక్కనున్న హిందూ సోదరుని టీ కొట్టు మీద మనకు ఏ అధికారమూ లేదు. హమాలీ పని చేసే మనిషికి ఎండలో టీ కావాలి. సౌదీ అరేబియాలో నమాజు వేళల్లో దుకాణాలు మూయించే పద్ధతి చాలాకాలం నడిచింది. 2021 జూలైలో అక్కడి వాణిజ్య మండళ్ల సమాఖ్యే ఆ వేళల్లో తెరిచి ఉంచవచ్చని సర్క్యులర్ పంపింది. దాని మంచిచెడ్డలు అక్కడివారు చూసుకుంటారు. మన ఊళ్లలో షట్టరును దించవలసింది లోపలి మనిషి మనసే.

చివరి పది రాత్రులు

ఒక్క విషయం మిగిలింది. రాయకుండా ఉండలేకపోతున్నాం. ఈద్ రోజు అంగడి మూయడంలో త్యాగం ఎంత? ఆ రోజు బట్టల అంగడికి వచ్చేదెవరు? అసలు బేరం రమజాన్ చివరి పది రాత్రుల్లో. ఆ రాత్రుల్లోనే లైలతుల్ ఖద్ర్‌ను వెతకమన్నారు. ఏతెకాఫ్ ఆ రోజుల్లోనే. సరిగ్గా అప్పుడే మన బజార్లు లైట్లతో వెలిగిపోతాయి. ఇషా అజాన్ మైకులో వినబడుతుంటే అంగడిలో చీరలు విప్పుతుంటారు. సూరా ఆరాఫ్ 163వ ఆయత్‌లోని సముద్రతీరపు పట్టణవాసులను గుర్తుచేసుకోండి. వారికి చేపలు పట్టడం నిషేధించిన శనివారం నాడే చేపలు నీటిపైకి గుంపులుగా వచ్చేవి. మిగతా రోజుల్లో వచ్చేవి కావు. మనకు ఆ రాత్రుల్లో వ్యాపారం నిషిద్ధం కాదు, ఆ తేడా మాకు తెలుసు. ఇషా ఫర్జ్ మాత్రం అలాగే ఉంది. తరావీహ్ అలాగే ఉంది. చేపలు మాత్రం ఆ రాత్రే వస్తాయి.

అంగడిలో నలుగురున్నప్పుడు ఇద్దరు ఒక మస్జిదుకు, వారు వచ్చాక మిగతా ఇద్దరు ఆలస్యంగా జమాఅత్ జరిగే మస్జిదుకు వెళ్లవచ్చు. ఒక్కడే ఉన్న చిన్న అంగడివాడికి అది కుదరదు. అతను ఆ గంట మూయాల్సిందే. లేదా ఇషా జమాఅత్ చేసుకొని వచ్చి, తరావీహ్ తర్వాతైనా పూర్తిచేసుకోవాలి. గిరాకీ పోతుందన్న భయం ఇక్కడా ఉంటుంది. పల్లె నుంచి పిల్లలతో వచ్చి చీరలు చూస్తున్న ఆ తల్లికి బల్ల వేసి, నీళ్లిచ్చి, "అమ్మా, నమాజుకు పోయి వస్తా, కాసేపు కూర్చోండి" అని చెప్పి చూడండి. చాలామంది కూర్చుంటారు.